ఆటల పెట్టె కొందామా, కంప్యూటరు కొందామా?



పూర్వం పిల్లాడు పరీక్ష పాసయితే సైకిలు కొనిపెట్టమనేవాడు. అట్లాసా, హెర్క్యులీసా అన్నదే ఇంట్లో చర్చ. తండ్రి తీర్పు చెప్పేవాడు, తల్లి డబ్బు సర్దేది. ఇప్పుడు పిల్లలు అడిగే వస్తువు మారింది. "అమ్మా, ప్లేస్టేషన్ కొనవూ?" అని చిన్నవాడంటే, "దానికంటే గేమింగ్ పీసీ నయం, చదువుకీ పనికొస్తుంది" అని పెద్దవాడు అందుకుంటాడు. ఇద్దరూ కలిసి మనకు అర్థం కాని భాషలో ఓ అరగంట వాదించుకుంటారు. మనం పప్పులో తాలింపు వేసుకుంటూ వింటాం.

అయితే ఇది సైకిలు ఖరీదు కాదు. మినుములు అమ్మిన డబ్బో, రొయ్యల చెరువు మీద మిగిలిన డబ్బో, చీటీ పాడిన డబ్బో, అర లక్ష మొదలు లక్ష దాకా ఒక్కసారిగా బయటికి వెళ్ళే వ్యవహారం. అదే డబ్బు మీద అమ్మాయి కాలేజీ ఫీజూ, అత్తగారి కంటి ఆపరేషనూ ఆశ పెట్టుకుని ఉంటాయి. అంచేత "ఆ ఆటల సంగతి మనకేం తెలుస్తుందిలే" అని పక్కకు తప్పుకోకుండా, ఇల్లాలు కూడా కూర్చుని తేల్చవలసిన విషయమిది. ఏ వస్తువు గొప్పదని కుర్రాళ్ళు వాదించుకోనివ్వండి. మన ఇంట్లో అది ఎవరెవరికి పనికొస్తుంది, మూడేళ్ళలో మొత్తం ఎంతవుతుంది అన్న లెక్క మాత్రం మనమే వేయాలి.

మొదట ఈ రెండూ ఏమిటో చూద్దాం. కన్సోలు అంటే ఆటలకోసమే తయారుచేసిన పెట్టె. మన బజారులో ముఖ్యంగా కనిపించేవి సోనీ వారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్. టీవీకి తీగె తగిలించి, చేత్తో పట్టుకునే కంట్రోలరు అందుకుంటే ఆట మొదలు. గేమింగ్ పీసీ అంటే అచ్చంగా కంప్యూటరే. కాకపోతే బొమ్మలు ఆగకుండా చకచకా కదలడానికి గ్రాఫిక్స్ కార్డు అనే ఖరీదైన భాగం అదనంగా ఉంటుంది. దానికి మానిటరు, కీబోర్డు, మౌసు, బల్ల, కుర్చీ అన్నీ విడిగా కావాలి.

వంటింటి భాషలో చెప్పుకుందాం. కన్సోలు ఇడ్లీ పాత్రలాంటిది. ఇడ్లీ అందులో వచ్చినంత బాగా ఇంకోదాంట్లో రాదు, కాని అందులో పులుసు కాచలేం. కంప్యూటరు పెద్ద గిన్నె. రేకులు దించితే ఇడ్లీ వండుకోవచ్చు, తీసేస్తే పులుసు పెట్టుకోవచ్చు. రోజూ ఇడ్లీ తినే ఇంటికి ఒకటి, నాలుగు రకాలు వండే ఇంటికి ఇంకొకటి.

ఇక ధరలు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న అమ్మకానికి వచ్చింది. డిస్కు పెట్టుకునే రకం 49,990 రూపాయలు, డిస్కు లేని రకం 39,990. మామూలుగా ఏ టీవీ అయినా ఫోనయినా పాతబడేకొద్దీ చవక అవుతుంది కదా. ఇది అలా కాలేదు. 2024 ఏప్రిల్లో కాస్త సన్నపాటి రకం వచ్చేసరికి 54,990, 44,990 అయ్యాయి. కంప్యూటరు ధర ఒక్కమాటలో చెప్పడం కష్టం. మంచి ఆటలు ఆడగలిగేది మానిటరుతో సహా 70 వేల నుంచి లక్ష దాకా, ఆపైన కూడా ఉంటుంది. పైగా 2025 చివర్లో కంప్యూటర్లలో వేసే మెమరీ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధకోసం ప్రపంచమంతటా కడుతున్న పెద్ద పెద్ద డేటా కేంద్రాలు ఆ చిప్పుల్ని ఎగరేసుకుపోవడమే కారణం. కాబట్టి పక్కింటివాళ్ళు రెండేళ్ళ కిందట ఎంతకు కొన్నారన్న మాట ఇప్పుడు పనికిరాదు. కొనే వారంలోనే ధర వ్రాయించుకోవాలి.

ఇదంతా మొదటి ఖర్చు. రెండో ఖర్చు కొట్టువాడూ చెప్పడు, కుర్రాడూ చెప్పడు. పెట్టె కొంటే ఆటలు వాటంతటవే రావు. ఒకటి రెండు ఉచితంగా వచ్చినా, కొత్తగా వచ్చిన పెద్ద ఆట ఒక్కొక్కటి నాలుగైదు వేల రూపాయలు. ఏడాదికి నాలుగు ఆటలే అనుకుందాం. దసరాకి ఒకటి, సంక్రాంతికి ఒకటి, పుట్టినరోజుకి ఒకటి, పరీక్షలయ్యాక ఒకటి. ఒక్కోటి 4,500 చొప్పున ఏడాదికి 18,000. మూడేళ్ళకు 54,000. చూశారా, పెట్టె ఖరీదు మళ్ళీ ఆటలకే అయింది! అదీకాక, డబ్బిచ్చి కొన్న ఆటల్ని ఇంటర్నెట్టు మీద స్నేహితులతో కలిసి ఆడాలంటే కన్సోలు కంపెనీకి విడిగా చందా కట్టాలి. సంక్రాంతి గొబ్బెమ్మల్లాగా ఏటేటా అది వస్తూనే ఉంటుంది.

కంప్యూటరు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. మొదట బరువు, తరువాత తేలిక. స్నేహితులతో ఆడటానికి అలాంటి చందా లేదు. కొత్త ఆట మొదటిరోజున దీనికీ ఖరీదే గాని, 2003లో మొదలైన స్టీమ్ వంటి ఇంటర్నెట్టు కొట్లలో వేసవికీ, శీతకాలానికీ తగ్గింపు ధరలు పెడతారు. ఏడాది ఓపిక పట్టిన పిల్లాడికి అదే ఆట సగానికో, ఇంకా తక్కువకో దొరుకుతుంది. ఆషాఢం తగ్గింపులో చీర కొన్నవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? ఏడాదికి నాలుగు ఆటలు, వెయ్యి చొప్పున, మూడేళ్ళకు 12,000. కంప్యూటరు 90,000 అనుకుంటే మొత్తం లక్షా రెండు వేలు. అక్కడ 54,990కి కొన్న కన్సోలు, ఆటలతో కలిపి లక్షా తొమ్మిది వేలకు పది రూపాయలు తక్కువ, చందా కాకుండానే. చవకనుకున్నదీ, ఖరీదనుకున్నదీ మూడేళ్ళు తిరిగేసరికి ఒక్కచోటికే చేరాయి.

కన్సోలు పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. డిస్కు పెట్టే రకం కొంటే, ఆడేసిన ఆట డిస్కును అమ్ముకోవచ్చు, స్నేహితుడితో మార్చుకోవచ్చు. వెనకటి రోజుల్లో వారపత్రికలు ఇంటింటికీ తిరిగినట్టే. డిస్కు లేని రకం ధర తక్కువ కదా అని కొంటే ఆ సదుపాయం పోతుంది. ఇంటర్నెట్టులో కొన్న ఆట ఇంకొకరికి అమ్మడానికి ఉండదు. కంప్యూటరుకు కొనే ఆటలు ఇంచుమించు అన్నీ ఈ బాపతే. అందువల్ల తోటి పిల్లలు నలుగురి దగ్గర ప్లేస్టేషన్ ఉన్న వీధిలో డిస్కు పెట్టెకి గిట్టుబాటు ఎక్కువ.

కరెంటు విషయానికి వద్దాం. బరువైన ఆట నడుస్తున్నప్పుడు కన్సోలు సుమారు 200 వాట్లు, గేమింగ్ పీసీ సుమారు 400 వాట్లు తీసుకుంటాయి. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు మొదటిది 12 యూనిట్లు, రెండోది 24 యూనిట్లు. అంత పెద్ద సంఖ్యలు కావు. కాని మన బిల్లు స్లాబు అంచున ఉంటే ఆ పన్నెండే పై స్లాబులోకి తోసేయగలవు. పాత బిల్లు ఒకటి తీసి చూసుకుంటే చాలు.

కరెంటు ఖర్చుకన్నా కరెంటు పోవడం పెద్ద సమస్య. ఆట మధ్యలో హఠాత్తుగా ఆగిపోతే రెండింటికీ చెరుపే. లోపల వ్రాసుకుంటున్న సమాచారం సగంలో తెగిపోతుంది. మన ఇళ్ళలో ఇన్వర్టరు చాలావాటికి యూపీఎస్ మోడ్ అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే కరెంటు పోయిన క్షణానే అందుకుంటుంది. అయితే ఆ ఇన్వర్టరు 400 వాట్ల కంప్యూటరునీ, రెండు ఫ్యాన్లనీ కలిపి మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్ని అడగాలి. మామూలు కంప్యూటరుకు పెట్టే చిన్న యూపీఎస్ గేమింగ్ పీసీని మోయలేదు. పెద్దది కొనాలి. ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి. ఇంకొకటి, "రాత్రంతా దీపం వెలుగుతోంది" అని మనం ప్లగ్గు దగ్గర మీట ఆపేస్తుంటాం. అలా చేయకూడదు. ముందు పెట్టెను ఆటలోంచే మూయమని పిల్లాడికి చెప్పి, దీపం ఆరాక మీట తీయాలి.

మా నాగాయలంక వంటి ఊళ్ళలో ఇంకో శత్రువు ఉంది, ఉప్పుగాలి. ఒకవైపు కృష్ణ, దిగువన సముద్రం. ఇనప కిటికీ ఊచ ఎన్నిసార్లు రంగు వేసినా ఎలా పొట్టు లేస్తుందో బందరులోనూ, దివిసీమలోనూ కాపురం చేసేవాళ్ళకి తెలుసు. ఆ తేమే పెట్టెలోని రాగి తీగెలమీదా కూర్చుంటుంది. రెండింటిలోనూ ఫ్యాను ఉంటుంది, అది బయటి గాలిని లోపలికి లాగుతూనే ఉంటుంది. అందుచేత కిటికీ పక్కన పెట్టకండి. గోడకు ఆనించి బీరువా మూలలో ఇరికించకండి. ముఖ్యంగా, అందంగా ఉంటుందని నరసాపురం లేసు గుడ్డ కప్పే అలవాటు మనకుంది. పని చేస్తున్నప్పుడు ఆ గుడ్డ తీసేయాలి, లేకపోతే లోపల వేడెక్కి చెడిపోతుంది. ఉరుములు మొదలైతే ప్లగ్గూ, ఇంటర్నెట్టు తీగె కూడా పీకేయండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన ప్రాంతం ఇది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుఫాను హెచ్చరిక వినగానే బియ్యం బస్తాతోపాటు దీన్నీ ఎత్తున పెట్టవలసి వస్తుందని గుర్తుంచుకోవాలి.

చెడిపోతే ఏమిటి గతి? కంప్యూటరు విడి భాగాల సంసారం. మెమరీ పోతే మెమరీ, పవర్ సప్లయ్ పోతే పవర్ సప్లయ్ మార్చుకోవచ్చు. పని తెలిసిన మనిషి అవనిగడ్డలోనో, బందరులోనో, గుడివాడలోనో దొరుకుతాడు. కన్సోలు అన్నీ ఒక్కచోట బిగించిన పెట్టె. పెద్ద రిపేరు వస్తే కంపెనీవాళ్ళ సర్వీసుకు పంపాలి. నగరంలో ఉన్నవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు గాని, చిన్న ఊళ్ళవాళ్ళు కొనేముందే సర్వీసు సెంటరు ఏ ఊళ్ళో ఉందో కనుక్కోవాలి. బిల్లూ, వారంటీ కాగితమూ, అట్టపెట్టే మూడూ దాచాలి.

ఇప్పుడు తల్లులకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, అది ఇంట్లో ఎక్కడుంటుంది? కన్సోలు టీవీకి తగిలిస్తారు కాబట్టి హాల్లో ఉంటుంది. పిల్లాడు ఏం ఆడుతున్నాడో పొయ్యి దగ్గరనుంచే కనబడుతుంది. అక్కా తమ్ముడూ చెరో కంట్రోలరు పట్టుకుని ఆడతారు. వేసవిలో వచ్చిన బావమరిది పిల్లలూ కలుస్తారు. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. సాయంత్రం మామగారికి వార్తలు కావాలి, మనకు సీరియల్ కావాలి, వాడికి ఆట కావాలి. టీవీ ఒక్కటే. టైముల పట్టిక గోడకి అంటించకపోతే రోజూ తగాదాయే. గేమింగ్ పీసీ ఒక గదిలో బల్ల మీద స్థిరపడుతుంది, చెవులకు హెడ్‌ఫోన్లు, తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి ఎవరితో మాట్లాడుతున్నాడో మనకు తెలియదు. కంప్యూటరే కొంటామంటారా, బల్ల కూడా నలుగురూ తిరిగే చోటే వేయించండి. రెండింటిలోనూ పిల్లల ఖాతా విడిగా తెరిచి, రోజుకు ఎన్ని గంటలో కట్టడి పెట్టే ఏర్పాటుంది. తల్లిదండ్రుల రహస్య అంకె మీ దగ్గరే ఉండాలి సుమా! పుట్టినరోజు తేదీ పెడితే వాడు మొదట కొట్టేది అదే.

ఆట కొనేటప్పుడు డిస్కు పెట్టె మీద 3, 7, 12, 16, 18 అన్న అంకెల్లో ఒకటి కనబడుతుంది. అది ఐరోపావారి పద్ధతి. అది ఆట ఎంత కష్టమో చెప్పే అంకె అనుకుంటారు కొందరు తల్లులు. అది వయస్సు. 18 అని ఉంటే రక్తపాతమో, పెద్దలు మాత్రమే చూడదగినవో ఉన్నాయని అర్థం. ఏడో తరగతి కుర్రాడు "అందరూ ఆడుతున్నారమ్మా" అని తెచ్చేది చాలాసార్లు ఆ బాపతే. మంచివి లేకపోలేదు. పుణేలోని చిన్న బృందం చేసిన రాజి అనే ఆట 2020లో వచ్చింది. మన పురాణాల వాతావరణంలో ఒక అమ్మాయి తన తమ్ముణ్ణి రాక్షసుల నుంచి కాపాడుకోవడమే కథ. క్రికెట్టు, ఫుట్‌బాలు ఆటలు రెండింటిమీదా దొరుకుతాయి.

డబ్బు పెట్టి ఆడే ఆటల మాటేమిటంటారా? అవి వేరు. ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు ఆటల మీద చట్టం చేసింది. మనం చెప్పుకుంటున్న ఆటలు వాటి కిందికి రావు. కాని వీటిలోనూ ఆట మధ్యలో కొత్త చొక్కా, కొత్త తుపాకీ, అదృష్టం పెట్టె అంటూ కొనమంటుంటారు. వాటికి పోయేది నిజమైన డబ్బు. అందుకని మన కార్డు నంబరు ఆ పెట్టెలో ఉంచకండి. పిల్లల ఖాతాలో ఖర్చు పరిమితి సున్నా పెట్టండి.

కొందరు పిల్లలు "ఆటలతో సంపాదిస్తామమ్మా" అంటారు. తోసిపుచ్చనక్కరలేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా పెట్టిన హార్త్‌స్టోన్ అనే ఆటలో గుజరాత్‌కు చెందిన తీర్థ్ మెహతా కాంస్యం గెలిచాడు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. అయితే లక్షలమంది క్రికెట్ ఆడితే ఎందరు జట్టులోకి వెళ్తారో, ఇదీ అంతే. ఆడేవాళ్ళకంటే తయారుచేసేవాళ్ళకు ఉద్యోగాలు ఎక్కువ. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద కంపెనీకి హైదరాబాదులోనే కార్యాలయం ఉంది. తయారుచేయడం నేర్చుకోవాలంటే కంప్యూటరు కావాలి. బ్లెండర్ అనే బొమ్మలు చేసే సాఫ్ట్‌వేరు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. కన్సోలు మీద ఆడగలరు గాని, ఇలాంటి పని నేర్చుకోవడం కుదరదు.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఉంది. అడిగేది ఎప్పుడూ మగపిల్లాడే. అదే ఇంట్లో అమ్మాయి డిగ్రీ చదువుతూ ప్రాజెక్టు పని ఫోనులో వేళ్ళు నొప్పెట్టేలా టైపు చేసుకుంటుంది, నోరు తెరిచి అడగదు. తండ్రి చెరువుల మేత లెక్క కాగితాల మీదే వ్రాసుకుంటాడు. మీరు బ్లౌజు డిజైన్లు ఫోనులో కళ్ళు చికిలించుకుని చూస్తారు. లక్ష రూపాయలు వెళ్ళే వస్తువు ఒక్కరి సరదా మాత్రమే తీర్చి ఊరుకుంటే, మిగిలిన ముగ్గురి అవసరం వచ్చే ఏడాదికి కాదు, పై ఏడాదికి వాయిదా పడుతుంది. అంచేత కొనేముందు ఒక కాగితం తీసుకుని ఇంట్లో వాళ్ళందరి పేర్లూ వ్రాయండి. ఎవరెవరికి ఏం పని ఉందో అడిగి ఎదురుగా వ్రాయండి. అమ్మాయిని మొదట అడగండి.

ఆ కాగితం చూస్తే దారి మీకే కనబడుతుంది. ఇంట్లో చదువుకు కంప్యూటరో లాప్‌టాపో ఇదివరకే ఉండి, పిల్లలు పదో తరగతిలోపు ఉండి, అందరూ కలిసి ఆడుకోవడమే కావాలంటే కన్సోలు కొనండి, డిస్కు పెట్టే రకం. ఇంట్లో కంప్యూటరే లేదంటే మాత్రం మొదటి డబ్బు కన్సోలుకు పోకూడదు. అలాగని లక్ష పెట్టి గేమింగ్ పీసీయే తేనక్కరలేదు. గ్రాఫిక్స్ కార్డు లేని మంచి డెస్క్‌టాపు సుమారు సగం ధరకు వస్తుంది. చదువూ లెక్కలూ జరుగుతాయి, తేలిక ఆటలూ ఆడుకోవచ్చు. ఏడాది రెండేళ్ళ తర్వాత పిల్లాడు మార్కులు తెచ్చుకుంటే, అప్పుడు గ్రాఫిక్స్ కార్డు వేయించవచ్చు. కాకపోతే కొనే రోజునే కొట్టువాడితో, "తరువాత కార్డు వేసుకునేలా పెద్ద పెట్టె, తగిన పవర్ సప్లయ్ పెట్టండి" అని చెప్పి బిల్లు మీద వ్రాయించుకోవాలి. సన్నగా ముచ్చటగా ఉండే చిన్న పెట్టెల్లో తరువాత ఏమీ పట్టదు.

పిల్లాడు ఇంటర్ రెండో ఏడాదిలో ఉంటే ఏదీ కొనకుండా ఆగండి. ఇంజనీరింగులో చేరి హాస్టలుకు వెళ్తే వాడికి లాప్‌టాపు ఎలాగూ కావాలి. ఇప్పుడు కొన్న డెస్క్‌టాపు హాస్టలు గదికి వెళ్ళదు. ఆ లాప్‌టాపునే గ్రాఫిక్స్ కార్డు ఉన్నది తీసుకుంటే చదువూ, ఆటా ఒకే వస్తువుతో తీరతాయి. అది బరువు ఎక్కువ, వేడి ఎక్కువ, బ్యాటరీ త్వరగా అయిపోతుంది అని ముందే చెప్పి కొనిపెట్టండి.

వాయిదాల పద్ధతి మీద తీసుకునేవారు వడ్డీ లేదన్న మాట నమ్మి ఊరుకోక, ప్రాసెసింగ్ రుసుం ఎంతో, నెలకు ఎంతో, మొత్తం ఎంతో మూడు అంకెలూ కాగితం మీద అడగండి. నగదు ధరకూ, ఆ మొత్తానికీ తేడాయే మీరు కట్టే వడ్డీ.

పిల్లలు ఆడుకోవడం తప్పు కాదు. ఆట కావాలి. ఆ ఆట ఇంటి పొదుపును మింగకుండా, అక్క చదువును వెనక్కి నెట్టకుండా ఉండేలా చూడటం మన వంతు. ఈ ఆదివారం భోజనాలయ్యాక ఆ కాగితం తీసి, ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి. పిల్లాడు అలిగితే అలగనివ్వండి, లెక్క వాడిచేతే కూడించండి. తన చేత్తో వేసిన మొత్తం మీద వాడు తిరిగి వాదించలేడు.